పొలంలో పాక గుండ్రంగా ఉండాలి, విప్పుకుని పోయేలా ఉండాలి

ఈసారి కషాయాల గురించి కాదు, పొలంలో మనం వేసుకునే పాక గురించి చెప్తా. ప్రకృతి వ్యవసాయం అంటే రోజూ పొలంలో ఉండి చేసే పని. ఘనజీవామృతం నీడన ఉండాలి, దేశీ విత్తనం పొడిగా ఉండాలి, రాత్రి నీళ్లు పెట్టే మనిషి కాసేపు నడుం వాల్చాలి. ఇంత అవసరం ఉన్నా, పాక దగ్గరకొచ్చేసరికి నాలుగు స్తంభాలు పాతి, పైన రేకులు పరిచి, మేకులు కొట్టి వదిలేస్తున్నాం. గట్టి గాలొస్తే ముందు లేచేది ఆ రేకులే. ఎగిరిన రేకు మనిషికీ, పశువుకీ ప్రమాదం.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. మన పొలాలకి కావలసింది గుండ్రటి పాక. అదీ ప్యానెళ్లుగా బిగించేది, అవసరమైతే విప్పి ట్రాక్టర్ తొట్టిలో వేసుకుపోయేది.

గుండ్రం కొత్త సంగతేం కాదు. ఉత్తరాంధ్ర తీరంలో మన పెద్దలు చుట్టిళ్లు కట్టుకున్నారు. మట్టి గోడ, ఏటవాలు తాటాకు కప్పు, బాగా కిందకి దిగిన చూరు. గాలికి ఎదురు నిలబడే చదును గోడ ఉండదు కాబట్టి గాలి పక్కలకి జారిపోతుంది. మంగోలియాలో పశువుల కాపరులు కట్టుకునే గెర్ కూడా గుండ్రమే. బయట ప్రపంచం యర్ట్ అని పిలిచేది దాన్నే. 2013లో యునెస్కో ఆ తయారీ పనితనాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. మడిచే కర్ర జాలీ గోడ, నడినెత్తిన చక్రం లాంటి కొప్పు, కొప్పు నుంచి గోడ మీదకి దిగే వాసాలు, గోడ చుట్టూ బిగించిన పట్టీ, అంతే సామాను. గాలి పెరిగితే కొప్పుకి వేలాడే తాడుని కిందకి లాగి బరువుకి కట్టేస్తారు. అక్కడ ఇంటిని నిలబెట్టేది గోడ మందం కాదు, కట్టు.

చుట్టిల్లు మన వానకి తట్టుకుంటుంది, కానీ కదలదు. గెర్ కదులుతుంది, కానీ దాని ఉన్ని కప్పు చలికీ, పొడి గాలికీ చేసింది. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకి పైగా వాన పడే మన ప్రాంతంలో ఉన్నీ, కాన్వాసూ బూజు పట్టి పాడవుతాయి. కాబట్టి రిసార్టుల్లో కనిపించే కాన్వాస్ యర్టుని పొలానికి తేవద్దు. చుట్టిల్లు కప్పు తీసుకుందాం, గెర్ కట్టు తీసుకుందాం, గోడని ప్యానెళ్లుగా చేసుకుందాం.

విప్పుకునేలా ఎందుకు అంటారా? మనలో చాలామంది కౌలు రైతులం. 2019 చట్టం కింద ఇచ్చే సాగు హక్కు పత్రం కూడా 11 నెలలకే. పక్కా షెడ్డు కడితే భూమి యజమాని ఒప్పుకోడు, ఒప్పుకున్నా కౌలు మారిన రోజున ఆ షెడ్డు మనది కాదు. నేల మనది కాకపోయినా పాక మనదే అయ్యుండాలి కదా!

ఇక లెక్క. 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు ప్యానెళ్లు ఎనిమిది తీసుకోండి. ఎనిమిది పలకలుగా నిలబెడితే 77 చదరపు అడుగుల జాగా వస్తుంది. అవే ఎనిమిదింటిని చదరంగా పెడితే 64 మాత్రమే. సరుగుడు లేదా వెదురు చట్రం, మధ్యలో వెదురు తడక. ప్రతి చట్రానికీ మూల నుంచి మూలకి ఒక ఏటవాలు కర్ర తప్పనిసరి, అది లేకపోతే చట్రం పక్కకి ఒరుగుతుంది. ప్యానెల్ నిలువు అంచులకి 22.5 డిగ్రీల వాలు ఉంటే పక్క ప్యానెల్‌తో సందు లేకుండా కలుస్తుంది. జాయింటుకి మూడు చొప్పున 24 బోల్టులు. మేకులు వద్దు. బిగించే పద్ధతి వీడియోలో చూడండి.

వాసాలు గోడని బయటకి నెడతాయి. అందుకే గోడ పైఅంచు చుట్టూ ఇనుప వైరు తాడు తిప్పి టర్న్‌బకిల్‌తో బిగించాలి. కప్పు వాలు 30 డిగ్రీలకి తగ్గకూడదు. చూరు ఒక అడుగు చాలు, ఎక్కువైతే గాలి కిందనుంచి పట్టుకుంటుంది. తాటాకు మీద పాత చేపల వల పరిచి చుట్టూ కట్టెయ్యండి, తీరంలో ఇది ఎప్పట్నుంచో ఉన్న అలవాటే. తలుపు బయటకి తెరుచుకునేలా పెట్టండి, ఎదురుగాలి దాన్ని ఇంకా గట్టిగా మూస్తుంది.

డబ్బు పెట్టాల్సింది గోడ మీద కాదు, లంగరు మీద. ఇంజినీర్లు వాడే గాలి కోడ్‌లో విశాఖకి సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద పడే ఒత్తిడి సుమారు 150 కిలోలు. మన కప్పు 10 చదరపు మీటర్ల పైన ఉంటుంది, కాబట్టి స్థూలంగా టన్నున్నర లాగుడు. తాటాకు బరువు దాన్ని ఆపదు. ప్రతి మూలా అడుగున్నర ఘనం కాంక్రీటు దిమ్మ, పైకి కొక్కెం పెట్టి పాతితే ఒక్కోటి 225 కిలోలు ఉంటుంది. ఎనిమిదీ కలిపితే 1,800 కిలోలు. పొలం మారితే ట్రాక్టర్‌తో లాగి తీసుకుపోవచ్చు. వాసం నుంచి గోడకి, గోడ నుంచి దిమ్మకి కట్టు ఎక్కడా తెగకూడదు.

వెదురు పుచ్చిపోదా అని అడుగుతారు. వంద లీటర్ల నీటిలో 3 కిలోల బోరాక్స్, 2 కిలోల బోరిక్ యాసిడ్ కలిపి వారం పది రోజులు నానబెట్టి నీడన ఆరబెట్టండి. మిగిలిన నీళ్లు మాత్రం మడిలో పొయ్యొద్దు, బోరాన్ ఎక్కువైతే మొక్క మాడుతుంది. ప్యానెల్ అడుగు మట్టికి తగలకుండా రాళ్ల మీద నిలబెడితే చెదలు తగ్గుతాయి. తాటాకుకి నిప్పు భయం నిజమే, అందుకే పొయ్యి పాక బయటే, దూరంగా.

ఇంకో మాట. హుద్‌హుద్, తిత్లీ చూసినవాళ్లం మనం. తుఫాను హెచ్చరిక వస్తే మనుషులు షెల్టర్‌కి పోవాల్సిందే. పాక సరుకుని కాపాడాలి, ప్రాణాన్ని పందెం కాయడానికి కాదు.

ఒక్కో రైతూ విడిగా చేయించుకుంటే ఖర్చెక్కువ. మన ఎఫ్‌పీవోలు ట్రాక్టర్లు, పవర్ వీడర్లు అద్దెకిస్తున్నాయి. ఒకే కొలతలో ప్యానెళ్లు ఊరి వడ్రంగితో చేయించి అద్దెకీ, వాయిదాలకీ ఎందుకివ్వకూడదు? కొలత ఒకటే అయితే ఒకరి దగ్గర విరిగిన ప్యానెల్‌కి ఇంకొకరి దగ్గరున్నది సరిపోతుంది, వడ్రంగికి ఏడాది పొడుగునా పనుంటుంది. వచ్చే నెల మీ సంఘం సమావేశంలో ఈ మాట ఎత్తండి. అక్టోబరు గాలులు రాకముందే తేల్చుకోవాల్సిన విషయం ఇది.