లాగ్ ఫైలు - గడియారం

2012 జులై 31వ తేదీ మధ్యాహ్నం ఒంటిగంటకు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడునూ కుప్పకూలిన సంగతి పాఠకులకు విదితమే. బర్ద్వాన్ జిల్లా బొగ్గుగనులలో సుమారు 200 మంది కార్మికులు చిక్కుకొని, పిమ్మట క్షేమంగా బయటపడినారు. కోల్‌కతాలో సి.ఇ.ఎస్.సి. వ్యవస్థ మాత్రం గ్రిడ్ నుండి విడివడి నిలదొక్కుకొన్నది.

ఆనాడు 400 కె.వి. బీనా–గ్వాలియర్ లైను ట్రిప్పయినది. లైనులో లోపమేదియు లేదు; అధిక భారమునే రిలే లోపముగా గ్రహించినది. ఈ సత్యం తేలినది డిస్టర్బెన్స్ రికార్డర్లు, ఈవెంట్ లాగర్ల నమోదులను సరిపోల్చి చూచుట వలననే. ఈ యంత్రముల గడియారములన్నియు ఏకకాలమును చూపుచున్నవో లేదో స్వతంత్ర ఆడిట్ జరుపవలెనని విచారణ సంఘం సిఫార్సు చేసినది. ఒక సబ్‌స్టేషన్ గడియారం రెండు సెకన్లు ముందున్నచో, ఫలితమే కారణముగా కనిపించును గదా!

కంట్రోల్ సెంటర్ కంప్యూటర్ల లాగ్ ఫైళ్లకును ఇదే సూత్రం వర్తించును. సహోద్యోగులు గమనింపదగిన అంశములను క్రింద పొందుపరచుచున్నాము.

1. కాలం: సర్వర్లు, ఆర్.టి.యు.లు అన్నియు జి.పి.ఎస్. కాలమునే అనుసరించవలెను. సంఘటన జరిగిన చోటనే ఆర్.టి.యు. కాలముద్ర వేయవలెను, సమాచారం సెంటరుకు చేరిన వేళ ప్రమాణం కాదు. కొన్ని ఫైళ్లు యు.టి.సి.లో ఉండును. వాటికి 5 గంటల 30 నిమిషములు కలిపి చదువవలెను.

2. స్థాయి: సిస్‌లాగ్ పద్ధతిలో 0 నుండి 7 వరకు ఎనిమిది స్థాయిలు కలవు. 7వది డీబగ్. దానిని నిత్యం తెరచి ఉంచినచో డిస్కు నిండును, కావలసిన వాక్యం మరుగున పడును. అనుమానమున్న ప్రోగ్రామునకు మాత్రమే తెరచి, పని ముగియగానే మూయవలెను.

3. చోటు: యూనిక్స్, లినక్స్ యంత్రములలో సాధారణముగా వార్ డైరెక్టరీలోని లాగ్‌లో ఫైళ్లుండును. అయితే స్కాడా ప్రోగ్రాములు తమ కాన్ఫిగరేషన్ ఫైలులో వేరు చోటును చూపవచ్చును. ఆ చోట్లన్నియు ఒక కాగితంపై వ్రాసి షిఫ్టు బల్లపై ఉంచుట మేలు.

4. నిలువ: పాత ఫైలుపై కొత్తది వ్రాయబడకముందే ప్రతిని వేరొక సర్వరులో భద్రపరచవలెను. కంగారులో యంత్రమును రీస్టార్టు చేయుటకు ముందు ఈ పని తప్పనిసరి.

ఇక వెదకు పద్ధతి. ఆ క్షణమున మెయిన్ సర్వరు ఏది, స్టాండ్‌బై ఏది అని మొదట తేల్చుకొనవలెను. మార్పిడి జరిగియున్నచో రెండింటి లాగ్‌లను చూడవలెను. కడపటి ఎర్రర్‌ను పట్టుకొనక మొట్టమొదటి దానిని వెదకవలెను. తక్కినవి చాలవరకు దాని సంతానమే.

గ్రిడ్ ప్రశాంతముగా నున్న ఒకనాడు, గతవారం జరిగిన ఒక బ్రేకరు ఆపరేషన్‌ను ఎంచుకొని, ఆర్.టి.యు. మొదలు ఆపరేటరు తెర వరకు దాని జాడను లాగ్‌లలో వెదకి చూడుడు. పది నిమిషములలో దొరకనిచో, సవరణకు అదియే తగిన సమయం.