స్టిల్ ప్లీజ్ అన్నా ఆగని తారలు!

రీలు కెమెరాల రోజుల్లో షూటింగు చూసినవారికి ఓ కేక గుర్తుండే ఉంటుంది. డైరెక్టరు "షాట్ ఓకే" అనడమే ఆలస్యం, లైట్‌బాయ్ లైటు ఆర్పబోతుంటే ఓ మూల నుంచి "స్టిల్... స్టిల్ ప్లీజ్!" అని వినిపించేది. హీరో మళ్ళీ హీరోయిన్ చెయ్యి పట్టుకునేవాడు. విలన్ మళ్ళీ కత్తి ఎత్తేవాడు. అందరూ క్షణం పాటు బొమ్మల్లా నిలబడేవారు. క్లిక్! పత్రికల్లో చూసి మనం మురిసిపోయిన బొమ్మల్లో చాలా భాగం అలా పుట్టినవే.

ముప్పై అయిదేళ్ళ పాటు ఆ కేక వేసిన గొంతు ఒకటి ఇప్పుడు రోజూ తెల్లవారగానే కేబీఆర్ పార్కులో పిల్లిలా అడుగులేస్తోంది. పేరు రాయనని నా చేత ఒట్టు వేయించుకున్నారు. పోనీ ‘అన్నగారు’ అందామంటే చిత్రసీమలో ఆ మాటకి ఒక్కరే హక్కుదారు! అందుకని పెద్దాయన అంటాను. పరిశ్రమతో పాటు మద్రాసు నుంచి హైదరాబాదు వచ్చేసిన తరం మనిషి.

రెండేళ్ళ క్రితం ఆయన భార్య పోయారు. తెల్లవారుజామున అయిదింటికి వంటింట్లో కాఫీ ఫిల్టరుని చెంచాతో తట్టే చప్పుడుకి లేవడం ఆయనకి నలభై ఏళ్ళ అలవాటు. "మిగతా రోజంతా ఎలాగో నెట్టుకొస్తాను తమ్ముడూ. ఆ ఒక్క గంటతోనే చిక్కు" అన్నారు. ఆ గంట ఇంట్లో ఉండకూడదనే ఆయన బీరువాలోంచి కెమెరా తీశారు. అంతే తప్ప పిట్టల మీద ప్రేమతో కాదు!

పార్కు గురించి పొరుగూళ్ళ పాఠకుల కోసం రెండు ముక్కలు. బంజారాహిల్స్‌కీ జూబ్లీహిల్స్‌కీ మధ్య మూడువందల యాభై ఎకరాల పైచిలుకు అడవి అది. చివరి నిజాం మనవడు ముకర్రం జా చిరాన్ ప్యాలెస్ ఇందులోనే ఉంది. 1998లో దీన్ని జాతీయ పార్కుగా ప్రకటించి, మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డిగారి పేరు పెట్టారు. 1976లో అన్నపూర్ణ స్టూడియో మొదలైనప్పుడు బంజారాహిల్స్ అంతా రాళ్ళూ తుప్పలేనని పాతవాళ్ళు కథలుగా చెబుతారు. ఆ రాళ్ళూ తుప్పలూ ఎలా ఉండేవో ఇప్పటి కుర్రకారు చూడాలంటే ఈ పార్కులోకే రావాలి. 2016లో ఫ్లైఓవర్ల కోసం దీని చుట్టూ ఉన్న చెట్లు కొట్టేస్తారని తెలిసి, రోజూ నడకకి వచ్చే పెద్దమనుషులే ప్లకార్డులు పట్టుకుని రోడ్డెక్కారంటే ఊరికే ఎక్కలేదు మరి.

ఇక్కడ నడకకి వచ్చే సినిమావాళ్ళు ఎదురుపడితే సెల్ఫీల కోసం మూగేవాళ్ళకి కొదవలేదు. పెద్దాయన మాత్రం తల తిప్పరు. ఆయన చూపు జిల్లేడాకు అడుగున ఉంటుంది! నారింజరంగు రెక్కలకి నల్లంచు ఉండే ఓ సీతాకోకచిలుక ఆ ఆకుల మీదే గుడ్లు పెడుతుంది. దాని పురుగు జిల్లేడాకులు తిని పెరుగుతుంది గనుక, ఒంట్లో ఆ విషం చేరి, పిట్టలు ఒకసారి రుచి చూస్తే మళ్ళీ దాని జోలికి రావు. అందుకే ఆ చిలుకకి ఎవరన్నా భయం లేదు, తొందరా లేదు. తాపీగా ఎగురుతుంది. కెమెరా కొత్తగా పట్టినవాళ్ళు దానితో మొదలుపెట్టాలని పెద్దాయన సలహా.

నవంబరులో ఆయన వెంట నాలుగు రోజులు తిరిగాను. మన సెట్లో థర్మోకోల్ పట్టుకునే కుర్రాడి పని అక్కడ రాతిగుండు చేస్తుంది సుమండీ! ఏటవాలు ఎండ రాతి మీద పడి, తిరిగి కొమ్మ అడుగున కూర్చున్న పికిలిపిట్ట మొహానికి తగులుతుంది. "ఎంత డబ్బు పోసినా ఈ లైటింగ్ రాదు" అంటూ పెద్దాయన చతికిలబడ్డారు. అరగంట కదల్లేదు. నాకు కాళ్ళు పట్టేశాయి. పికిలిపిట్ట ఎగిరిపోయింది. "స్టిల్ అని అరవాల్సింది" అన్నాను. నవ్వారు. ఆయన నవ్వగా చూసి చాన్నాళ్ళయింది.

ఆ కాలంలో మగ తేనెపిట్ట మేకప్ కడిగేసుకున్న హీరోలా ఉంటుంది. వేసవిలో నీలి ఊదారంగుల్లో ధగధగలాడేది కాస్తా ఆడపిట్టలా వెలిసిపోయి, గొంతు నుంచి పొట్టదాకా ఒక్క నల్లగీత మాత్రం మిగుల్చుకుంటుంది. నెమలిదీ అదే వరస. వానలు వెళ్ళేసరికి పింఛం రాలిపోతుంది, వేసవికి కొత్తది సిద్ధం. "కాల్‌షీట్లు వాటివి తమ్ముడూ, మనవి కావు" అన్నారు.

దుఃఖానికి ఇది మందు అని నేను రాయబోవడం లేదు. పెద్దాయన ఒప్పుకోరు కూడా. కానీ ఆయన జేబులో ఓ చిన్న నోటుబుక్కు ఉంటుంది. సెట్లో కంటిన్యుటీ రాసుకున్నట్టు తేదీ, చోటు, షట్టర్ స్పీడు అన్నీ అందులో పొందిగ్గా ఎక్కిస్తారు. పేజీలు తిప్పుతుంటే ఒకచోట అంకెలేవీ లేవు. చెట్టుతొర్రలో పగిడికంటె అనే చిన్నజాతి గుడ్లగూబ కోసం కాపు వేసిన రోజట. ఇలా ఉంది: "ఫోటో రాలేదు. టైము ఏడున్నర. తెలియనే లేదు."

నేను చదివానని గమనించి నోటుబుక్కు మెల్లగా తీసేసుకున్నారు.

అన్నట్టు, కెమెరాతో వెళ్ళాలనుకునేవారు గేటు దగ్గర నిబంధనలు ముందే కనుక్కోండి. గూళ్ళ జోలికి పోకండి. ఈ వారం పేజీకి ఓ బొమ్మ ఇమ్మని అడిగితే పెద్దాయన ఆ వెలిసిపోయిన తేనెపిట్టదే ఇచ్చారు. "హీరోగా ఉన్నప్పటిది ఎవరైనా వేస్తారోయ్" అన్నారు. ఇక ఎడిటరుగారి దయ!