రెండో వైపు తలకిందులైతే...

అమలాపురంలో అక్క వాళ్లింట్లో ఓ రాత్రి. మేనకోడలు తెల్లారేసరికి 41 పేజీల ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. జిరాక్సు షాపులు మూసేశారు. ఇంట్లో ఉన్నవి 25 కాగితాలే! రెండువైపులా ప్రింటు తీస్తే 21 చాలు. తొందరలో తీస్తే, రెండో వైపు తలకిందులుగా వచ్చింది. రెండు కాగితాలు వృథా.

అప్పుడు ఆగి, పాడైన కాగితం మీదే పెన్సిల్‌తో బాణం గుర్తు వేసి ట్రేలో పెట్టాం. ప్రింటు ఏ వైపు, ఎటు తిరిగి పడుతోందో తెలిసిపోయింది. ముందు బేసి పేజీలు తీశాం. 41వ పేజీ పక్కన పెట్టి, మిగతావి వరుస చూసుకుని తిరగేసి, సరి పేజీలు తీశాం.

సముద్రపు గాలి తగిలే కోనసీమలో కాగితం చెమ్మ పీల్చుకుంటుంది, ఒకదానికొకటి అతుక్కుని ప్రింటర్లో ఇరుక్కుంటుంది. అందుకే కట్ట విప్పాక కవర్లోనే ఉంచండి. పెట్టేముందు కాగితాలు విడివిడిగా విదిలించండి. ఇంకు ప్రింటరైతే మొదటి వైపు ఆరనివ్వండి.

తాటాకుకు రెండువైపులా గంటంతో రాసుకున్నారు మన పెద్దలు. కాగితానికి రెండో వైపు మనకెందుకు బరువు?

రిపోర్టు పూర్తయింది. రెండు కాగితాలు మిగిలాయి కూడా!