టెలివిజన్ తెరపై శ్రామిక స్త్రీ ఎక్కడ?

పాత తరం తపాలా ఉద్యోగులకు ఒక సంగతి జ్ఞాపకం ఉండే ఉంటుంది. రేడియోకు గాని, టెలివిజన్‌కు గాని లైసెన్సు తప్పనిసరిగా ఉన్న కాలంలో ప్రజలు ఆ లైసెన్సు పుస్తకం పట్టుకొని మన పోస్టాఫీసు కౌంటరు వద్దకే వచ్చేవారు. రుసుము తీసుకొని ముద్ర వేసినవారు మన ఉద్యోగులే. 1980ల మధ్యలో ఆ పద్ధతి రద్దయింది. ప్రజలపై ఒక భారం తగ్గినందుకు అందరూ సంతోషించారు, సంతోషించవలసినదే. అయితే ఖర్చు ఎవరో ఒకరు భరించాలి గదా! 1976 జనవరి 1న దూరదర్శన్‌లో అడుగుపెట్టిన వాణిజ్య ప్రకటనలు నానాటికీ బలపడ్డాయి. 1990లలో ప్రైవేటు ఛానళ్ళు వచ్చిన తరువాత ప్రకటనలే ఈ వ్యాపారానికి ప్రధాన ఆధారమైనాయి.

ఈ మార్పులో ప్రేక్షకుని స్థానం తారుమారైనది. నాడు రుసుము కట్టిన ప్రేక్షకునికి అడిగే హక్కు ఉండేది. నేడు అతడు అమ్మకానికి పెట్టిన సరుకు. ఫలానా వయసు వారు, ఫలానా ఆదాయం వారు, ఇన్ని లక్షల మంది మా ఛానలు చూస్తున్నారని చెప్పి సబ్బుల కంపెనీకి వారిని లెక్కగట్టి అమ్ముతున్నారు. తెరపై స్త్రీ ఏ రూపంలో కనిపించాలన్నది ఈ బేరంలోనే నిర్ణయమవుతున్నదని మా అభిప్రాయం. తీసేవారి అభిరుచి, చూచేవారి సంస్కారం అన్న మాటలు దీని తరువాతనే వస్తాయి.

ఈ లెక్క ఎట్లా కడతారో కార్మికులు తెలుసుకొనడం అవసరం. ఎంపిక చేసిన కొన్ని పదుల వేల ఇళ్ళలో టెలివిజన్‌కు మీటర్లు అమర్చుతారు. ఇంటిలోని ప్రతి వ్యక్తికి ఒక బొత్తాం కేటాయిస్తారు. చూడటానికి కూర్చున్నవారు తమ బొత్తాం నొక్కాలి. ఇక ఆ ఇల్లు ఏ తరగతిదన్నది ఎట్లా తేల్చుతారు? 2011 నుండి అమలులోకి వచ్చిన వర్గీకరణలో కొలబద్దలు రెండే: ఇంటి ప్రధాన సంపాదకుని చదువు, 11 వస్తువుల జాబితాలో ఆ ఇంట్లో ఉన్నవెన్ని అన్నది. సీలింగు ఫ్యాను, గ్యాసు పొయ్యి, రెండు చక్రాల బండి, బట్టలుతికే యంత్రం మొదలైనవి ఆ జాబితాలో ఉన్నాయి. ఆ యంత్రం కొనడానికి ఓవర్‌టైము చేసినది ఎవరో, ఇంటి చాకిరీ ఎవరి నెత్తిన పడినదో ఆ జాబితాకు అక్కరలేదు. రెండవ సంపాదన తెచ్చే భార్య చదువు కూడా అక్కరలేదు.

మా హథ్‌ఖోజ్ సంగతి మరీ విచిత్రం. ప్రక్కనే చరోదాలో మార్షలింగ్ యార్డు, రైల్వే క్వార్టర్లు. అక్కడి తెలుగు కుటుంబాలు డిష్ పెట్టించుకొని తెలుగు ఛానళ్ళే చూస్తారు. కాని ప్రకటనల విపణిలో ఛత్తీస్‌గఢ్ అంతా హిందీ ప్రాంతమే. హైదరాబాదులో చీరల దుకాణం వాడు ఇచ్చే ప్రకటన చరోదా ఇల్లాలిని ఉద్దేశించినది కాదు. ఆమె చూస్తున్నది తనను లెక్కలోనే వేసుకొనని బొమ్మను.

లెక్కలోకి వచ్చినవారిని రెండు గంపలలో పోస్తున్నారు. సాయంకాలపు గంప స్త్రీలది, అందులో సీరియళ్ళు. అత్త, కోడలు, ఆస్తి పంపకం, విషం కలిపిన పాలు. రాత్రి పదకొండు గంటలకు కూడా నగలు తీయని ఆ స్త్రీలలో ఒక్కతె అయినా డ్యూటీకి పోయి రావడం మనకు కనిపించదు. రెండవ గంప యువకులది, అందులో పాటలు. 1981 ఆగస్టు 1న అమెరికాలో ప్రారంభమైన ఎం.టి.వి. మొదటి నుండి యువతరాన్నే గురిపెట్టుకొన్నది. అందులోని వీడియోలను సట్ జాలీ అనే అధ్యాపకుడు 1990 ప్రాంతంలో అసలు సంగీతం తీసివేసి, వరుసగా పేర్చి, తన వ్యాఖ్యానంతో చూపించాడు. పాట ఆగిపోయేసరికి మిగిలినది ఏమిటి? ముఖం లేని నడుములు, కాళ్ళు, ఎవరి కొరకో ఎదురుచూచే చూపులు. ఆ ఛానలు వారు అతనిపై న్యాయచర్యకు దిగుతామని బెదిరించారు.

నేడు హథ్‌ఖోజ్ టీ దుకాణాలలో, రోలింగు మిల్లుల గేట్ల వద్ద, చేతిలోని ఫోనులో ఆడుతున్న భోజ్‌పురి, ఛత్తీస్‌గఢీ, తెలుగు ఆల్బం పాటలకు ఇదే పరీక్ష పెట్టవచ్చును. శబ్దం తగ్గించి చూడండి. కెమెరా ఎవరి కన్నుగా పనిచేస్తున్నదో వెంటనే తెలుస్తుంది.

ఆ మిల్లుల గేట్ల లోపలే ఇటుక, ఇసుక, తుక్కు ఇనుము తట్టలతో మోసే రేజాలు ఉన్నారు. ఇక్కడ స్త్రీ కూలీని రేజా అనే పిలుస్తారు. భిలాయి కొలుములకు ఇనుప రాయి పంపిన దల్లీ-రాజహరా గనులలో పురుషులతో సమంగా పనిచేసి, యంత్రాలు వచ్చినప్పుడు ముందుగా ఉపాధి పోగొట్టుకొన్నది స్త్రీలే. మన రైల్వేలో పట్టాల గ్యాంగులలో, తపాలాలో సార్టింగు బల్లల ముందు, పల్లెలలో డాక్ సేవికలుగా ఎందరో ఉన్నారు. 2023 మార్చి 13న షోలాపూర్ నుండి ముంబయికి వందే భారత్ నడిపిన సురేఖా యాదవ్ వార్తలలో ఒక పూట కనిపించినది. కథలలోకి మాత్రం ఆమె వంటివారు రారు.

ఇది టెలివిజన్‌కు చేతకాని పని కాదు. 1975-76లో ఉపగ్రహ ప్రయోగం ద్వారా ఆరు రాష్ట్రాలలో 2,400 గ్రామాలకు ప్రసారాలు అందినప్పుడు సబ్బు అమ్మే పని దానికి లేదు. 1989లో దూరదర్శన్‌లో వచ్చిన ‘ఉడాన్’ను వ్రాసి, దర్శకత్వం వహించి, పోలీసు అధికారిణిగా నటించినది కవితా చౌదరి. సర్ఫ్ ప్రకటనలో పొదుపరి గృహిణి లలితాజీగా దేశమంతా ఎరిగినదీ ఆమెనే. ఒకే నటి, రెండు పాత్రలు. డబ్బు ఎక్కడి నుండి వస్తే పాత్ర అటు మారుతుందనడానికి ఇంతకంటె నిదర్శనం వెతకనక్కరలేదు.

మన ఇంటి ప్రక్కనే మరొక నిదర్శనం ఉన్నది. భిలాయికి చేరువలోని గనియారీ గ్రామానికి చెందిన తీజన్ బాయి పాండవానీ గాయని. ఆడవారు కూర్చొనే పాడాలన్న కట్టుబాటు ఉన్న కాలంలో ఆమె లేచి నిలబడి, తంబురాను భీముని గదగా ఎత్తి పాడినది. కులం వారు వెలివేశారు. ఆమె భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం కూడా చేసినది. శ్యాం బెనెగల్ ‘భారత్ ఏక్ ఖోజ్’లో, 1988లో, దేశమంతా ఆమెను చూచినది, 2019లో పద్మవిభూషణ్ లభించినది. ఆ ప్రసారంలో కెమెరా ఆమెను ముక్కలుగా కోయలేదు. ఆమె నిలబడిన చోటే దృశ్యమంతా నిలిచినది.

“ప్రజలు కోరినదే ఇస్తున్నాము” అని ఛానళ్ళవారు అంటారు. రెండే కూరలు వండి పెట్టి, ఇవే మీకు ఇష్టమనడం వంటిది ఇది. స్త్రీ ఒళ్ళు కప్పుకొంటే చాలునని మరికొందరు అంటారు; వారితోనూ మాకు పొత్తు కుదరదు. నిండుగా చీర కట్టిన సీరియల్ కోడలు కూడా శ్రమ తెలియని బొమ్మే. 1994 నాటి కేబుల్ నిబంధనలలో 6వ నిబంధన స్త్రీని కించపరచే చిత్రణను నిషేధిస్తూ, స్త్రీలను నాయకత్వ పాత్రలలో చూపడానికి ప్రయత్నించాలని కూడా అంటున్నది. అందులోని ‘శీలనిర్మాణం’ వంటి మాటలు మాకు రుచించవు గాని, నాయకత్వమన్న మాట మనకు పనికివస్తుంది.

2021 సవరణ ప్రకారం ఫిర్యాదు అందిన 24 గంటలలో ఛానలు రసీదు ఇవ్వాలి, 15 రోజులలో నిర్ణయం తెలపాలి. దానితో తృప్తి లేకుంటే పై మెట్టుకు పోవచ్చును. కనుక ప్రతి శాఖలో మహిళా కమిటీ నెలకొకసారి కూర్చొని, తాము చూచిన ఒక కార్యక్రమంపై తేదీ, వేళ వేసి ఫిర్యాదు వ్రాయాలని, ఏ ఉద్యోగాలలోని స్త్రీలు తెరపై కనిపించడం లేదో అందులో పేరుపేరునా పేర్కొనాలని మేము కోరుతున్నాము. ఆ లేఖను స్పీడు పోస్టులోనే పంపాలి. రసీదు దాచుకొనే అలవాటు మనవారికి చెప్పనక్కరలేదు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాళ్ళలో వారాంతపు ప్రదర్శనలకు ఏ చిత్రం వేయాలో నిర్ణయించే కమిటీలలో స్త్రీలకు సగం స్థానాలు అడగవలసి ఉన్నది. ప్రదర్శన వేళ కూడా వారే నిర్ణయించాలి. రాత్రి షిఫ్టు, వంట, పిల్లల బడి అన్నీ లెక్కవేసుకొని చెప్పగలిగినవారు వారే.