పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే ఇచ్చేశారట!

మొన్న రంజాన్లో మా పార్సిప్పనీ అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో ఇఫ్తార్ పెట్టుకున్నాం. హలీం గిన్నె ఖాళీ అయ్యాక మొగవాళ్ళ టేబుల్ నుంచి ఒక అంకుల్ మా వైపు తిరిగి, గొంతు పెంచి మరీ చెప్పారు. "ఈ ఫెమినిజాలన్నీ మనకెందుకమ్మా? ఇస్లాం పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే ఆడవాళ్ళకి అన్ని హక్కులూ ఇచ్చేసింది." ఈ మాట నేను నరసరావుపేటలో విన్నాను, హైదరాబాదులో విన్నాను, ఇప్పుడు రూట్ 46 పక్కన కూడా విన్నాను. వీసా అక్కర్లేని మాట.

ఇచ్చింది అంకుల్, నేనూ ఒప్పుకుంటా. మరి ఇచ్చినదాన్ని చేతిలోకి తీసుకోడానికి మా పిన్ని కూతురు రెండేళ్ళు ఎందుకు తిరగాల్సొచ్చింది?

తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. మొగుడిచ్చేది తలాక్, పెళ్ళాం కోరేది ఖులా. బుఖారీలో ఉన్న హదీసే. సాబిత్ బిన్ ఖైస్ భార్య ప్రవక్త దగ్గరికొచ్చి, ఆయన నడతలోగానీ దీన్‌లోగానీ నాకు తప్పేమీ కనపడలేదు, కానీ కాపురం చెయ్యలేను అంది. మెహర్‌గా తీసుకున్న తోట తిరిగిచ్చేస్తావా అని అడిగారు. ఇస్తానంది. అంతే, విడాకులు. పంచాయితీ లేదు, సర్దుకుపో అన్నవాళ్ళు లేరు.

మా చెల్లి 2021లో మొదలుపెట్టింది. ఎంసీఏ చదివిన పిల్ల, మెహర్ వదులుకుంటానని రాసిచ్చింది. ఒక ముఫ్తీగారు మీ ఆయన్ని తీసుకురా అన్నారు. ఆయన ఫోనే ఎత్తడు. ఇంకొకాయన పిల్లాడి మొహం చూసి సర్దుకోమన్నారు. మూడో ఆయన భర్త సంతకం లేనిదే ఖులానామా ఇవ్వనన్నారు. ఆ కాయితం లేకుండా మళ్ళీ పెళ్ళంటే ఏ ఖాజీ ముందుకు రాడు. చేసిన పాపమల్లా హక్కుందని నమ్మడమే.

2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఇలాంటి కేసులోనే తీర్పిచ్చింది. భార్య ఖులా కోరితే భర్త కాదనడానికి వీల్లేదు, ముఫ్తీ ఇచ్చే కాయితం తప్పనిసరి కాదు, అది సలహా మాత్రమే అంది. బెంచిలో ఉన్నవాళ్ళు జస్టిస్ మౌషుమి భట్టాచార్య, జస్టిస్ బి.ఆర్. మధుసూదన్ రావు. సంతోషమే. కానీ నాకు సిగ్గు కూడా వేసింది. మన కితాబులో ఉన్నదాన్ని మనకి ఒక భట్టాచార్యగారు, ఒక రావుగారు చదివి వినిపించాల్సొచ్చింది. దారుల్‌షిఫాలో ఇబాదత్‌ఖానాలోకి అక్బారీ షియా ఆడవాళ్ళు వెళ్ళడానికి కూడా 2024లో అదే హైకోర్టు చెప్పాల్సొచ్చింది.

మన దగ్గర చదువుకున్న ఆడవాళ్ళు లేరా? అదే హైదరాబాదులో, మొగల్‌పురాలోని జామియతుల్ మోమినాత్ మదరసాలో 2003లోనే ఆడ ముఫ్తీల బెంచి పెట్టారు. పేపర్లన్నీ రాశాయి. వాళ్ళని చిన్నబుచ్చడం లేదు, ఇరవై ఏళ్ళు దాటినా అది మామూలు విషయం కాదు. కానీ వాళ్ళకి వదిలింది ఏమిటి? ఆడవాళ్ళ మసలాలు. శుద్ధి, రోజా, బహిష్టు. మొగాళ్ళు అడగడానికి మొహమాటపడే ప్రశ్నలన్నీ వీళ్ళకి, నిఖా రిజిస్టరు మాత్రం ఖాజీ చంకలో. ఆ రిజిస్టరు ఎంత పవిత్రంగా వాడారో చూశాం కదా. 2017లో గల్ఫ్ షేకులకి మైనరు పిల్లల్ని కట్టబెట్టే ముఠాని హైదరాబాద్ పోలీసులు పట్టుకుంటే అరెస్టయినవాళ్ళలో ఖాజీలూ ఉన్నారు. ఆడది కావడం అనర్హత, అది మాత్రం కాదన్నమాట ఇన్నాళ్ళూ.

షరియత్ ఒప్పుకోదంటారా? హద్దు, కిసాస్ శిక్షల కేసులు తప్ప మిగతావాటిలో ఆడమనిషి తీర్పు చెప్పొచ్చని హనఫీ ఫిఖా పుస్తకాల్లోనే ఉంది. మనం హనఫీలమని ఛాతీ మీద చెయ్యేసుకుని చెప్తాం కదా. ఆయిషా బీబీ నుంచి వచ్చిన హదీసులు రెండు వేలకి పైనే. అక్రమ్ నద్వీ అనే మన లక్నో చదువు చదివిన ఆలిమ్, హదీసు చెప్పిన ఆడ పండితుల గురించి 43 సంపుటాలు రాసి 2021లో అచ్చేశారు. ఒకటీ అరా కాదండీ, నలభై మూడు!

ఇమామత్ సంగతంటారా? ఇక్కడికి ముప్పై మైళ్ళలో, మన్‌హట్టన్‌లో, 2005 మార్చి 18న ఆమినా వదూద్ జుమా నమాజు చేయించారు. మసీదులు చోటివ్వకపోతే ఒక చర్చి తాలూకు హాల్లో. వెనకాల వందమందికి పైగా, ఆడామగా కలిసి. నిజం చెప్పాలంటే ఆ జమాత్‌లో నిలబడతానో లేదో నాకే తెలీదు, మా నాయనమ్మ వింటే గుండె పట్టుకునేది. కానీ మా చెల్లి అడిగింది ముందు వరస కాదు, ఒక సంతకం.

ఇది చదివి మా ఆఫీసు తెలుగు మిత్రులు సంబరపడకండి. "పాపం మీ ఆడవాళ్ళు" అని లంచ్ టేబుల్ దగ్గర జాలిపడతారే, ఆ జాలి నాకొద్దు. ట్రిపుల్ తలాక్ మీద 2017 ఆగస్టు 22న తీర్పిచ్చిన బెంచిలో అయిదుగురు, అయిదు మతాలవాళ్ళు, అందరూ మొగాళ్ళే. అందులో భిన్నాభిప్రాయంతో ఏకీభవించిన జస్టిస్ అబ్దుల్ నజీర్‌గారే 2023లో ఆంధ్రా గవర్నరయ్యారు. 2019లో చట్టం చేసి మొగుళ్ళని మూడేళ్ళ వరకు జైల్లో పెడతామన్నారు. ఖులా కాయితం కోసం తిరిగే పిల్ల గురించి టీవీలో ఒక్కడూ అరవలేదు. మీరు వెళ్ళే గుడిలో గర్భగుడి తలుపు ఎవరు తీస్తారో కూడా ఒకసారి చూసుకోండి, తర్వాత మాట్లాడుకుందాం.

అంకుల్‌కి ఇదంతా చెప్పాను, ఇంత వరసగా కాదనుకోండి. ఆయన ఓపిగ్గా విన్నారు. "బాగా మాట్లాడతావమ్మా. ఒక ఆదివారం సిస్టర్స్‌కి పావుగంట చెప్పు. ఫత్వా విషయాలు మాత్రం ముట్టుకోకు, అవి మౌలానాగారు చూసుకుంటారు" అన్నారు. టాపిక్ కూడా ఆయనే ఇచ్చారు: ఇస్లాంలో స్త్రీల హక్కులు.

ఒప్పుకున్నాను. తోట హదీసు, హైకోర్టు తీర్పు రెండూ ప్రింటు తీసి పెట్టుకున్నాను.