మన గృహము : ఎండకు అడ్డు



ఎండాకాలం మన ప్రాంతంలో ప్రాణాల మీదికి వచ్చే కాలము. 2015 మే నెలలో దేశంలో రెండు వేల మందికి పైగా వడదెబ్బతో మరణించారు. వారిలో అత్యధికులు మన రెండు తెలుగు రాష్ట్రాల వారే. బయట పనిచేసే కూలీలతో పాటు ఇంట్లో మంచం పట్టిన ముసలివారికి, పసిబిడ్డలకు కూడా ఈ అపాయమున్నది. రేకుల కింద మధ్యాహ్నం పడుకున్నవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అందుచేత ఈ నెల ఇంటి పైకప్పును గూర్చి ఆలోచిద్దాం.

ములుగు జిల్లా (ఒకప్పటి వరంగల్ జిల్లా) పాలంపేటలోని రామప్ప గుడి మన పాఠకులు ఎరిగినదే. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. దాని శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలుతాయి. బరువు తగ్గించడానికే ఆ పనివారు వాటిని చేశారు. ఇటుక నిండా సన్నని రంధ్రాలు, వాటిలో గాలి ఉండడమే ఆ తేలికదనానికి కారణం.

మన ఇంటి కప్పుకు కావలసిన పాఠం అక్కడే ఉన్నది. కదలకుండా చిక్కుకున్న గాలి వేడిని త్వరగా దాటనివ్వదు. బొంతలో వెచ్చదనాన్ని నిలిపేది దూదిలో చిక్కుకున్న గాలియే. చలికాలంలో మన వేడిని బయటికి పోనివ్వని ఆ గాలియే వేసవిలో ఎండ వేడిని లోపలికి రానివ్వదు. తాటాకు కప్పు, అటక ఉన్న పెంకుటిల్లు చల్లగా ఉండేది ఇందువల్లనే. పలుచని రేకుకు ఆ అడ్డు లేదు. స్లాబు పగలంతా వేడిని దాచుకొని రాత్రి మన మీదికి వదులుతుంది.

చేయదగినవి రెండు: ఎండను పైనుండే తిప్పి పంపడం, వచ్చిన వేడిని నడుమ ఆపడం.

మొదటిదానికి సున్నమే చవకైనది. క్రిస్మస్‌కు గోడలకు సున్నం వేస్తాము గాని కప్పు మాట తలంచము. స్లాబును ఊడ్చి, పాకుడు తీసి, వడగట్టిన సున్నపు నీళ్లలో తుమ్మబంక కలిపి రెండు పూతలు వేయండి. రేకులపై కూడా వేయవచ్చు. వానలకు కొట్టుకొనిపోతుంది గనుక ఏటా మట్టలాదివారం నాటికి మరల వేయాలి. సున్నం కంట పడితే చూపుకే ప్రమాదం. వెంటనే ఎక్కువ నీళ్లతో కడిగి, ఆసుపత్రికి వెళ్లండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానానికి మూలసూత్రం కూడా ఎండను తిప్పి పంపడమే.

రెండవదానికి, రేకుల కింద జానెడు ఎడం విడిచి వెదురు తడకలు కట్టించండి. రెండు కొనలయందు గాలి పోవుటకు సందు ఉంచండి. పొయ్యి పైన మాత్రం వద్దు. థర్మోకోల్ చవకే గాని నిప్పంటుకుంటే విషపు పొగ వస్తుంది. గ్లాస్ ఉలు వేడిని బాగా ఆపుతుంది, కాని దాని నూగు చర్మానికి, ఊపిరికి మంచిది కాదు. పలకల మధ్య మూసివేసి వాడాలి. గడ్డి, ఊక వేస్తే ఎలుకలు, చెదలు, నిప్పు భయం తప్పవు.

పాత సిమెంటు రేకులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ ధూళి ఊపిరితిత్తుల క్యాన్సరుకు కారణమవుతుంది. వాటిని కోయకండి, రంధ్రాలు వేయకండి, పొడిగా గీకకండి. రేకుల మీద నేరుగా అడుగు వేస్తే విరిగి పడిపోతారు. నిచ్చెన మీదనుండి పొడుగాటి కర్ర కుంచెతో పూయడం మేలు.

ద్వితీయోపదేశకాండము 22:8లో దేవుడు కొత్త ఇంటి కప్పుకు పిట్టగోడ కట్టుమని ఆజ్ఞాపించాడు. ఇంటికి వచ్చినవాడు పడి చనిపోకూడదని ఆయన చింత. కప్పు విషయంలో అజాగ్రత్త దేవుని యెదుట చిన్న సంగతి కాదన్నమాట. యోనా తన తలకు నీడనిచ్చిన సొరచెట్టు వాడిపోయినందుకు ఎంతో బాధపడ్డాడు. దేవుడైతే నీనెవె జనులను, వారి పశువులను సహా తలంచాడు. మన కప్పు చల్లబడితే సంతోషమే. మరి మన సంఘంలో రేకుల కింద ఒంటరిగా ఉన్న విధవరాలి మాట ఏమిటి? ఆమె గుడిసెకు కావలసినది కొంత సున్నం, ఇద్దరు యౌవనస్థుల ఒక ఉదయం. స్త్రీల సమాజము సున్నం కొంటే, యౌవన సంఘము పూత వేయవచ్చును. ఎండలు ముదరకముందే సంఘ పెద్దలు అటువంటి ఇండ్ల జాబితా వ్రాసికొనుట మంచిది.

వెట్టకు చాటుగా ఉన్న దేవుడు మీ గృహములను కాపాడి, మీ ద్వారా ఇతరులకు నీడ కలుగజేయును గాక. ఆమెన్.