శాస్త్రం ముచ్చట్లు: బోడిపడిన మైదానం

పిల్లలూ! వరంగల్లు కొత్తవాడనుంచి ఒక అబ్బాయి ఇలా రాశాడు: "మేము క్రికెట్టు ఆడేచోట గడ్డి చచ్చి నేల బోడి అయిపోయింది. పడితే మోకాళ్ళు చెక్కుకుపోతున్నాయి. పెద్దవాళ్ళు సిమెంటు పోయిస్తామంటున్నారు. గోల్ఫు మైదానాలలో గడ్డి ఎలా బాగుచేస్తారు?"

సిమెంటు పోసేముందు ఒక పరీక్ష చెయ్యి, నాయనా. ఆ బోడినేలమీద ఒక చెంబెడు నీళ్ళు పొయ్యి. ఎవరూ తొక్కని గోడవారన మరొక చెంబెడు పొయ్యి. గోడవారన నీరు త్వరగా ఇంకుతుంది, బోడినేలమీద నిలిచిపోతుంది. మట్టి రేణువుల మధ్య ఖాళీలుంటాయి, వాటిలో గాలి ఉంటుంది. తొక్కగా తొక్కగా ఆ ఖాళీలు మూసుకుపోతాయి. వేళ్ళకు కూడా గాలి కావాలి గనక గడ్డి ఊపిరాడక చస్తుంది. గోల్ఫు మైదానంలో జరిగేదీ ఇదే. అందుకే అక్కడ నేలకు యంత్రంతో వందలకొద్దీ చిల్లులు పొడిచి ఇసుక చల్లుతారు.

మన వేడిదేశపు మైదానాలలో ఎక్కువగా పెంచేది ఏ గడ్డి అనుకున్నారు? వినాయకుడికి పూజచేసే గరికే! దాన్ని పడమటివాళ్ళు బెర్ముడా గడ్డి అంటారు. అమెరికాలో టిఫ్టన్ అనే ఊళ్ళో శాస్త్రజ్ఞులు గరికను ఆఫ్రికా గడ్డితో సంకరంచేసి, 1956లో టిఫ్‌గ్రీన్ అనే రకం విడుదలచేశారు. దానికి మొలిచే విత్తనాలు రావు. తీగముక్కలు నాటవలసిందే.

గరిక బలమంతా కణుపుల్లో ఉంది. నేలమీద పాకే తీగకూ, నేలలో పాకే కాడకూ కూడా కణుపు కణుపునా వేరు పుడుతుంది. (ఈ గుణానికే రైతు దాన్ని తిట్టిపోస్తాడు!) మీ కొత్తవాడ మగ్గాలమీద పడుగులోనుంచి పేక సాగినట్టు గరిక అల్లుకుంటుంది. వరంగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ నేత సంగతి మీకు నేను చెప్పాలా? అయితే చిరిగిన జంపఖానా తనంతట తాను అతుక్కోదు, గరిక అతుక్కుంటుంది.

చలిదేశాలలో ఈ పని వసంతంలో చేస్తారు, అప్పటికి నేల వెచ్చబడుతుంది గనక. మనకు ఉగాదినాటికి వెచ్చదనం ఉన్నా నీళ్ళుండవు. మిరుగు వచ్చి రెండు మంచి వానలు పడనివ్వండి. తరవాత ఆ చోటును పలుగుతో జానెడు లోతు గుల్లచేసి, మాగిన పశువుల ఎరువూ కాస్త ఇసుకా కలపండి. గట్టుమీది గరికను మూడేసి కణుపుల ముక్కలుగా కోసి, బెత్తెడు దూరాన నాటండి. రెండు కణుపులు మట్టిలో, ఒకటి పైన ఉండాలి. ముక్కలు ఎండకముందే నాటాలి సుమా! వాన లేనిరోజున నీళ్ళు చల్లండి.

అన్నిటికన్నా కష్టమైన పని ఇంకొకటుంది. దాదాపు రెండు నెలలు అక్కడ ఎవరూ కాలు పెట్టకూడదు. చుట్టూ నాలుగు కర్రలు పాతి తాడు కట్టండి. వికెట్లు మైదానంలో మరోవైపుకు మార్చుకోండి. గడ్డి అల్లుకున్న తరవాత కూడా నెలకొకసారి వాటిని జరుపుతూ ఉండండి. సిమెంటు సంగతి మీ పెద్దవాళ్ళతో దసరా సెలవుల్లో మాట్లాడవచ్చు.